తొమ్మిదో ఆదివారం

జగన్మోహన్ బావ మళ్లీ టీవీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. నిలబడ్డవాడు ఊరికే ఉంటాడా, రెండు చేతులూ బార్లా చాపి, "గింతే అనుకుంటున్నవా ఇంద్రా? సింగపూర్ల నేను చూసిన తెర ఆరంతస్తుల బిల్డింగంత ఉంటది. చూస్తుంటె మెడ నొస్తది. ఓడ సీదా మన మీదికే వస్తున్నట్టు ఉంటది" అని తమ్ముడికి చెబుతున్నాడు. ఆయన చంకల కింది సందుల్లోంచి సముద్రం అటు కాస్త ఇటు కాస్త కనిపిస్తోంది రాజకుమారికి. అసలే పెద్ద తెర కోసం తీసిన సినిమా, ఇంట్లో ఉన్న టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు పోగా మిగిలింది ముంగిట్లో వేసే ముగ్గంత, ఆ మిగిలిందానికి ఈయన అడ్డం. జర జరగండి బావా అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనడానికి లేదు. ఇవాళ ఆదివారం, పొద్దుగుంకి దేవుడి దగ్గర దీపం వెలిగేదాకా ఆమె నోరు తెరవకూడదు. ఎవరో వేసిన శిక్ష కాదు, తన నోటితో తానే మొక్కిన మొక్కు. బ్యాంకులో ఆఫీసరు పరీక్ష పాసైతే పదకొండు ఆదివారాలు మౌనంగా ఉంటానని చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి ఎదుట చెంపలేసుకుని మరీ మొక్కింది. శ్రీనివాసుడికి శనివారం ప్రీతి అని తెలియక కాదు, శనివారం బ్యాంకుంటుంది, కౌంటర్లో కూర్చుని మౌనం పడితే ఎదుట నిలబడ్డ జనం ఊరుకుంటారా, అందుకని ఆదివారానికి సర్దుకో స్వామీ అని బేరమాడింది. సర్దుకున్నాడు మహానుభావుడు, పాసు చేయించాడు. ఎనిమిది ఆదివారాలు బాగానే గడిచాయి, ఇంట్లో అందరికీ హాయిగానే ఉంది కూడా. ఇది తొమ్మిదోది. ఈ సాయంత్రమే మేనేజరు ఫోన్ చేస్తానన్నాడు, ఆఫీసరుగా నిర్మల్ పోతావా పోవా అని అడగడానికి.

నిన్న మధ్యాహ్నం బ్యాంకు మూసే వేళకు మేనేజరు శ్రీరామమూర్తి సారు క్యాబిన్‌లోకి పిలిచి, కూర్చోబెట్టి, అభినందనలన్నీ అయ్యాక, నిర్మల్ బ్రాంచి ఇచ్చారమ్మా, సోమవారం పొద్దున్నే పేర్లు పై ఆఫీసుకు పంపాలి, మీకు ఇష్టమేనా అన్నాడు. ఇష్టమే అన్న మాట ఆమె నాలుక చివరకు వచ్చి కూర్చుంది. వచ్చిందే గానీ నోరు తెరిస్తే, "ఇంట్ల అడిగి చెప్త సార్" అని బయటపడింది. ఎక్కడి నుంచి వచ్చింది ఆ మాట? చీర కొనేటప్పుడు, ఆఫీసువాళ్లు పిక్నిక్‌కు పిలిచినప్పుడు, రక్తదానం చేస్తావా అని ఎవరో అడిగినప్పుడు కూడా అదే, ఇంట్ల అడిగి చెప్త. రక్తం తనది, అడగాల్సింది ఇంట్లోనట. సారు పాపం మంచివాడు, అయితే రేపు సాయంత్రం నేనే మీ ఇంటికి ఫోన్ చేస్తానమ్మా అన్నాడు, సరే సార్ అని చేతులు జోడించి వచ్చేసింది. నారాయణగూడ చౌరస్తాలో రోడ్డు దాటుతుంటే అప్పుడు తట్టింది, రేపు ఆదివారం గదా అని. నడిరోడ్డు మీద నిలబడి నుదురు కొట్టుకుంటే ఆటోవాడు, "ఓ అక్కా, ఇల్లు మర్చినవా?" అని అరిచాడు. వెనక్కి పరుగెత్తింది, అప్పటికే బ్యాంకు షట్టరు దించేశారు. సారు ఇంటి నంబరు తనకు తెలియదు. తన నంబరు సారుకు తెలుసు.

బావ కూర్చున్నాడు. కూర్చున్నాక సముద్రం మొత్తం కనిపించింది. నల్లటి నీళ్లు, నీళ్ల మీద చిన్న ఓడ, దాని మీదనుంచి ఇనుప బంతిలాంటి యంత్రాన్ని గొలుసులతో దించుతున్నారు. దాని లోపల ముగ్గురు మనుషులు మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని కూర్చున్నారు. ఎనభై ఏళ్ల కింద మునిగిన పెద్ద ఓడ ఒకటి అడుగున ఉందట, దాన్ని చూడటానికి పోతున్నారట. ఇదంతా ఇంగ్లీషులో ఎవరో గంభీరంగా చెబుతుంటే కూతురు శ్రీదివ్య అర్థం చేసుకుంటోంది, బావ అర్థం చేసుకోకుండానే అందరికీ చెబుతున్నాడు. ఆయనకు నారాయణగూడలో రంగుల దుకాణం. పోయినేడు డబ్బాలు బాగా అమ్మాడని కంపెనీవాళ్లు డీలర్లతో పాటు సింగపూర్ తీసుకెళ్లారు, అప్పటినుంచి ఏ మాట ఎత్తినా తేలేది సింగపూర్‌లోనే. ఈ సీడీలు తెచ్చింది ఆయనే, సీడీ ప్లేయరూ ఆయనే సంచిలో పెట్టుకుని స్కూటర్ మీద తెచ్చాడు. ఊరికే రాలేదు, నిర్మల్ సంగతి తేల్చడానికి వచ్చాడు. ఈ ఇంట్లో కుళాయి మార్చినా అన్నకు ఒక మాట చెప్పాలి. రాత్రి అన్నం దగ్గర ఆమె సంగతి చెబితే భర్త ఇంద్రసేన నీళ్ల గ్లాసు కింద పెట్టి, "మంచిదే. అన్నకు ఒక మాట చెప్దాం. రేపొస్తడు గదా" అన్నాడు. మీకేమనిపిస్తుంది అని అడిగింది. చూద్దాం అన్నాడు. ఆయన చూద్దాం అన్నవన్నీ పోగేస్తే ఈ పాటికి ఒక మ్యూజియం అయ్యేది.

"నేనేమంట అంటె," బావ సోఫాలో వెనక్కి వాలాడు, "పరీక్ష పాసైంది, మస్తు ఖుషీ. నారాయణగూడ మొత్తం చెప్పిన, మా మరదలు ఆఫీసరైందని. స్వీట్లు పంచిన. పంచిన్నా లేదా?"

"పంచినవ్ అన్నా," అన్నాడు ఇంద్రసేన.

"గది చాలు. పాసైందని అందరికి తెలిసిపాయె. ఇగ నిర్మల్ పోయి గాడ కిరాయి రూమ్‌ల ఒక్కతి వండుకతినుడు ఎందుకు? ఇంట్ల అమ్మకు షుగరు, పోరికి ఇంటరు. నీ సంగతేంది మల్ల?"

ఇంద్రసేన రిమోటు వంక చూశాడు, అందులో ఏదో జవాబు బటన్ ఉన్నట్టు. పరీక్ష రోజుల్లో ఈ మనిషే, తెల్లవారుజామున లేచి చదువుతుంటే చప్పుడు కాకుండా టీ పెట్టి ఫ్లాస్కులో పోసి బల్ల మీద పెట్టి పోయేవాడు. దుప్పటి భుజాల మీద కప్పేవాడు. ఒక్కనాడు కూడా ఎందుకు ఈ వయసులో అనలేదు. ఇప్పుడు ఆ టీ గుర్తొచ్చి ఆమెకు ఒళ్లు మండింది, చదివించినవాడివి పంపించలేవా, ఒక్క మాట, మా ఆమె పోతనంటున్నది అన్నా, అంతే గదా. తండ్రి పోతే అన్న చదువు మానేసి దుకాణంలో రంగులు కలిపి తమ్ముణ్ని డిగ్రీ దాకా తెచ్చాడు, నిజమే, కాదన్నవాళ్లెవరు, దానికి జీవితమంతా అన్న ముందు ఇలా గోడకు చేరగిలబడి కూర్చోవాలా. మొక్కు నాది, మౌనం ఆయనది. నాకు దీపం పెడితే తీరుతుంది, ఈయనకు ఎప్పుడు తీరుతుంది?

"ఏం రాజకుమారీ?" బావ ఇటు తిరిగాడు. "నువ్వే చెప్పు, సైగతోనే చెప్పు. ఈ వయసుల గంత దూరం పోవుడు అవసరమా?"

అది కాదు బావా, అలా అడిగితే ఎలా అని ఆమె తల అడ్డంగా ఊపింది.

"చూసినవా? అవసరం లేదంటున్నది."

కాదు కాదు, అవసరమే అని తల నిలువుగా, గట్టిగా ఊపింది.

"ఔనంటున్నది. నేను ముందే చెప్పిన, మా మరదలికి సమజైతది."

అడ్డంగా ఊపినా ఆయనదే గెలుపు, నిలువుగా ఊపినా ఆయనదే. శ్రీదివ్య మాత్రం కళ్లు టీవీ మీదనుంచి తిప్పకుండానే, "పెద్దనాన్నా, అమ్మ అట్ల అనలే," అంది. "నువ్వు సినిమా చూడు" అన్నాడు ఆయన, చూడనిస్తేగా. కాగితం మీద రాసి చూపిద్దామా అంటే అదీ లేదు. మొదటి ఆదివారం శ్రీదివ్య తన చిన్ననాటి పలక వెతికి తెచ్చి ఇస్తే అత్త నర్సింహమ్మ లాక్కుని అటక మీద పెట్టించింది. "రాసుడు గూడ మాట్లాడుడే. దేవునికి చదువు రాదనుకున్నరా?" అంది. ఆ రోజు అందరూ నవ్వారు, తానూ పళ్లు కనిపించకుండా నవ్వింది.

యంత్రం దిగుతోంది. ఏమీ లేదు, చీకటి, చీకట్లో గాజు కిటికీ, కిటికీ వెనక గడ్డం ఉన్న ఒక ముఖం. గంటలు పడుతుందట అడుక్కు పోవడానికి. కాళ్లు చాపుకోవడానికి లేదు, చలి, ఒకరి మోచెయ్యి ఇంకొకరి పక్కటెముకల్లో. అశోక్‌నగర్ కోచింగ్ సెంటరులో కూడా అంతే, బెంచీకి నలుగురు పట్టే చోట ఆరుగురు, పక్కన మహబూబ్‌నగర్ నుంచి వచ్చినవాళ్లు, కరీంనగర్ నుంచి వచ్చినవాళ్లు, తన కూతురి కంటే నాలుగేళ్లు పెద్దవాళ్లు. మొదటి రోజు గుమ్మంలో నిలబడితే ఎవరో లేచి, "మేడమ్ వచ్చిన్రు" అన్నారు, గది మొత్తం లేచి నిలబడింది, పాఠం చెప్పడానికి వచ్చిందనుకుని. సిగ్గుతో చచ్చిపోయింది. వెళ్లి చివరి బెంచీలో కూర్చుంటే పక్కనున్న రేణుక అనే పిల్ల జరిగి, "రా అక్కా, ఈడ ఫ్యాను గాలొస్తది" అంది. అంతే, ఆ తర్వాత ఆమె అందరికీ అక్క. క్లాసయ్యాక రోడ్డు వారన నిలబడి టీ తాగేవాళ్లు, చిల్లులు పడ్డ హవాయి చెప్పులు, చేతిలో జనరల్ నాలెడ్జి పుస్తకాలు, ఎవరికి వాళ్లు పక్కవాళ్లను ప్రశ్నలు అడుగుతూ. ఒకనాడు శ్రీశైలం అని నిర్మల్ దిక్కు పిల్లవాడు, "అక్కా, నీకు నౌకరి ఉన్నది గదా, మల్ల ఎందుకు ఈ పరేషాన్?" అన్నాడు. ఏదో చెప్పింది, జీతం అనో, పెన్షన్ అనో. అబద్ధం. పందొమ్మిదేళ్లుగా ఒకటే కిటికీ వెనక కూర్చుని అవతలివాళ్లు ఇచ్చినవి లెక్కపెట్టి ఇస్తున్నాను తమ్మీ, కిటికీకి ఇవతల ఒక బల్ల ఉంటుంది, దాని వెనక కూర్చుని ఈ పని చేయవచ్చు, ఇది చేయకూడదు అని చెప్పాలని ఉంది, నా చేత్తో నేను నిర్ణయం రాయాలని ఉంది. ఇది చెబితే ఆ టీ కొట్టు దగ్గర ఆ పిల్లలకు అర్థమయ్యేదేమో. ఈ గదిలో ఎవరికి చెబుతుంది?

"గా ఓడల బంగారం దొరికిందా?" అని నర్సింహమ్మ అడిగింది. ఆమె మంచం మీద కూర్చుని ఒత్తులు చేస్తోంది, పత్తి తొడ మీద.

"ఇంక దొరకలే నానమ్మా. ఇప్పుడే అడుక్కు పోతున్నరు."

"మన హుస్సేన్‌సాగర్ల బుద్ధుడు మునిగిననాడు గూడ గిట్లనే టీవీల చూపెట్టిన్రు. పడవల మనుషులు పోయిన్రు గదా పాపం. ఆయన నీళ్లల్ల రెండేండ్ల పైన పండుకున్నడు. తీసుకొచ్చి నిలబెట్టినాంక మల్ల ఏం మాట్లాడిండు? ఊకనే ఉన్నడు." ఒత్తి నలిపి పళ్లెంలో పెట్టింది. "మౌనం అంటె గది."

రాజకుమారి ముంగిట్లోకి చూసింది. ఎదురింటి గోడ మీద ఎండ ఇంకా కిందికి దిగలేదు. ఈ ఎండకు ఏమైంది ఇవాళ? మామూలు ఆదివారాల్లో బట్టలు ఆరకముందే పోతుంది. తెర మీద వెలుగొచ్చింది, యంత్రం ముందు దీపాలు వెలిగించారు, ఆ దీపాల్లో తుప్పు కారిన ఓడ ముక్కు, కటకటాలు, ఆ తర్వాత ఇసుకలో బోర్లించిన పళ్లేలు, వరసగా, పగలకుండా, ఎవరో తోమి ఆరబెట్టి వెళ్లినట్టు. ఓడ రెండు ముక్కలైంది, గిన్నెలకు గీత పడలేదు. ఆమెకు ఎందుకో కోపం వచ్చింది ఆ పళ్లేల మీద. అంతలో లోపలున్న గడ్డం మనిషిని పైనుంచి ఎవరో మైకులో పిలిచారు, అంత లోతులోకి గొంతు గరగరలాడుతూ వచ్చింది, బాగున్నారా అని. అతను బాగున్నాం అన్నాడు. పైన ఓడలో ఉన్నవాళ్లు ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు, వినగానే ఒకడు నవ్వాడు. సముద్రం అడుగునున్నవాణ్ని కూడా పైవాళ్లు అడిగారు, జవాబు వచ్చేదాకా ఆగారు. చిక్కడపల్లిలో చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో కూర్చున్న మనిషిని అడిగి, జవాబు కూడా వాళ్లే చెప్పేసుకున్నారు.

బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోయింది. మొదటి సీడీ అయిపోయిందట. బావ లేచి రెండోది ఊదుతూ, బనీనుకు తుడుస్తూ, "సింగపూర్ల ఇట్ల ఆగది" అన్నాడు. ఈ ఆగిన కాసేపట్లో ఆమె మనసు ఇంకో దిక్కు తిరిగింది, తిరగకుండా ఉంటే బాగుండేది. నిజంగా పోగలవా? శ్రీదివ్య పరీక్షలు నెల తిరక్కుండానే. దాని జడ ఎవరు వేస్తారు, అది వేసుకుంటుంది, పదిహేడేళ్లది, అయినా. అత్తకు పొద్దున సూది వేయాలి. ఇంద్రసేన కారం తింటే కడుపు పట్టుకుని కూర్చుంటాడు, అన్నం వండటం రాదు, గంజి ఎంత ఉంచాలో తెలియదు. నిర్మల్‌లో ఏదో సందులో ఒక గది, ఇంటి ఓనరమ్మ నీ భర్త ఎందుకు రాలేదని అడుగుతుంది, రాత్రి బల్లి చప్పుడు. తెలియని బ్రాంచిలో తెలియని ప్యూను, తప్పు జరిగితే తన సంతకం కింద. భయమేసింది, ఉత్త భయం. వద్దంటే ఎంత సుఖం. ఎవరూ ఏమీ అనరు. పాసైంది గానీ పోలేదమ్మా, ఇంటికోసం అని పేరంటాల్లో మెచ్చుకుంటారు. మళ్లీ పరీక్షకు కొన్నేళ్లు కూర్చోనివ్వరు, ఆ తర్వాత తనకే ఓపిక ఉండదు. అదే కిటికీ వెనక రిటైరవుతుంది, శాలువా కప్పుతారు. ఆ శాలువా రంగు కూడా కనిపించింది ఆమెకు. ఛీ అనుకుంది. భయం వేస్తే వేయనీ, భయం నాది, నేను పడతాను, అది కూడా బావనే పడాలా?

ఫోన్ మోగింది.

ఫ్రిజ్ పక్కన స్టూలు మీద, లేసు గుడ్డ కింద. ఆమె లేచేలోపలే ఇంద్రసేన ఎత్తాడు. "నమస్తే సార్. ఆఁ, వాళ్లాయననే సార్." అన్న వంక చూశాడు. "వద్దంటున్నదని చెప్పు" అన్నాడు బావ, ఫోనులో వినిపించేంత గట్టిగా. ఇంద్రసేన గొంతు సవరించుకున్నాడు. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. చెప్పు, నీ నోటితో, ఒక్కసారి. "సార్... ఆమె ఇయ్యాల మౌనంల ఉన్నది సార్. మొక్కు." అవతలి మాట విన్నాడు, తల ఊపాడు, రిసీవరు ఆమెకు చాపాడు. "నువ్వు ఊకె ఇను అంటున్నడు."

వద్దని చెప్పలేదు ఆయన. పోతుందనీ చెప్పలేదు. ఇంద్రసేన అంటే అంతే, సగం దూరం టీ ఫ్లాస్కు పట్టుకుని వస్తాడు. ఆయన మళ్లీ రిమోటు పట్టుకుని గోడవారన కూర్చున్నాడు, ఆమె రిసీవరు చెవికి ఆనించింది.

"నమస్కారమమ్మా. మీ వారు చెప్పారు, చాలా సంతోషం, ఈ కాలంలో అంత నియమం ఎవరు పాటిస్తున్నారు. నేను చెడగొట్టను. మీరు ఒక్క మాట కూడా అనక్కర్లేదు. మీరేమీ అనకపోతే ఇష్టం లేదని రాసుకుంటాను, సరేనా? ఇందులో తప్పేమీ లేదమ్మా. ఆడవాళ్లు చాలామంది అదే చేస్తారు. అందరికీ సుఖం."

ఎంత మంచివాళ్లు. ఎంత మంచివాళ్లు అందరూ. ఎవరూ ఆమెను కష్టపెట్టరు, ఒక్క మాట కూడా అననక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు, అన్నీ వాళ్లే రాసుకుంటారు. దీపం పెట్టాక చేయండి సార్ అని చెప్పాలన్నా నోరు తెరవాలి. ఎదురింటి గోడ మీద ఎండ అట్లాగే ఉంది, నర్సింహమ్మ చేతిలో ఒత్తి ఆగిపోయింది, బావ రెండో సీడీ వేలికి ఉంగరంలా తగిలించుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఎనిమిది వారాలు, ఇంకో రెండే, స్వామీ, పాసు చేసింది నువ్వు, పోవద్దని చేశావా? శనివారాన్ని ఆదివారానికి సర్దుకున్నవాడివి గదా. నీ మొక్కు నేను తీర్చుకోగలను, సోమవారం పొద్దున పోయే ఆ కాగితాన్ని మళ్లీ తేలేను. లోపల ఏదో తెగినట్టయింది, తెగిందో ముడిపడిందో. "ఉంటానమ్మా మరి" అంటున్నాడు సారు.

"సార్."

పొద్దుటినుంచి వాడని గొంతు, మొదటి మాట గరుకుగా, తనది కానట్టు వచ్చింది. శ్రీదివ్య గిర్రున తిరిగింది. రాజకుమారి దగ్గి గొంతు సరిచేసుకుంది.

"సార్, పెట్టెయ్యకండి. నేను రాజకుమారిని మాట్లాడుతున్న. నేను పోత. నిర్మల్ పోత సార్, గదే రాసుకోండి." అవతల ఆయన ఆశ్చర్యపోయి, మీ మొక్కమ్మా అని ఏదో అంటుంటే, "అది నేను చూసుకుంట సార్" అంది. మీ ఇంట్లో అడిగారా అన్నాడు. "చెప్పిన సార్," అంది. "ఇప్పుడే చెప్పిన."

రిసీవరు పెట్టేసింది. బావ వేలికున్న సీడీ వంక చూసుకున్నాడు. ఇంద్రసేన రిమోటు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో ఆయనకే తెలియనట్టుంది, కాని కూర్చోలేదు. ఆమెకు ఏడుపు వచ్చేటట్టుంది, రాలేదు. ముందుగా తేరుకున్నది నర్సింహమ్మ.

"దీపం గూడ పెట్టకముందే నోరు తెరిస్తివి గదనే! ఎనిమిది ఆదివారాలు గంగల కలిసె!"

"కలవనియ్ అత్తమ్మా," అంది రాజకుమారి. "మల్ల మొదటి నుంచి పడత. నిర్మల్‌ల ఆదివారాలుండవా ఏంది?"